కొండలెక్కినవారు, లెక్కలు కట్టినవారు

విశాఖపట్టణమునుండి కిరండూలు పోవు రైలు బొర్రాగుహలు దాటి, సొరంగము వెంట సొరంగమును దూరుచు, అరకు చేరుటకు కొంచెము ముందు షిమిలిగుడ యను చిన్న స్టేషనులో క్షణకాలము నిలుచును. బైలదిల్లా ఇనుపరాతిని రేవునకు చేర్చుటకై 1960వ దశకములో వేసిన మార్గమిది. ఆ స్టేషను సముద్రమట్టమునకు 996.32 మీటర్ల ఎత్తున ఉన్నదని పలకమీద వ్రాసియుందురు. ఒకప్పుడు దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులలో దీనిని మించిన ఎత్తు గలది లేదని ప్రసిద్ధి.

ధ్వనిముద్రణ పనిమీద ఆ దారిని పోవుచు మేము ఆ అంకెను చీటీమీద వ్రాసికొనుచుంటిమి. సీతాఫలముల తట్టతో పెట్టెలోనికి ఎక్కిన ఒక అవ్వ మా చేతివంక చూచి, “ఏటి రాస్తన్నారు బాబూ?” అని అడిగినది. ఈ ఊరు సముద్రానికి ఎంత ఎత్తున ఉన్నదో వ్రాసికొనుచున్నామంటిమి. “ఎవులు కొలిసినారు? సముద్రం ఇక్కడ నేదు గదా!” అన్నది అవ్వ.

మాకు వెంటనే సమాధానము తోచలేదు. మీటర్లు సరే, ఆ మీద ముప్పదిరెండు సెంటీమీటర్లు ఎవరు పట్టుకొనిరి? సముద్రమెక్కడ, ఈ కొండకొన యెక్కడ? ఈ ప్రసంగము ఆ అవ్వ ప్రశ్నకు మేము ఆలస్యముగా వెదకుకొన్న జవాబు.

సముద్రము ఒక్కచోట నిలుచునది కాదు. పూటపూటకు పోటు వచ్చును, పాటు వచ్చును. ఋతువునుబట్టి మట్టము మారును. అందుచేత రేవులలో యంత్రములు పెట్టి, గంటగంటకు నీటియెత్తు గుర్తించి, సంవత్సరముల తరబడి ఆ అంకెలన్నియు కూడి సగటు కట్టవలెను. సముద్రపు సగటు మట్టము అనునది సముద్రములో కానరాదు. కాగితము మీదనే కానవచ్చును. మన దేశములో మట్టపు కొలతల పని 1858లో ఆరంభమైనది. ఆ వరుసలన్నిటిని 1909లో ఒక్కటిగా సర్దినపుడు తొమ్మిది రేవుల సగటు మట్టములను సున్నగా తీసికొనిరి. కరాచీ, బొంబాయి, కార్వారు, బేపూరు, కొచ్చిను, నాగపట్టణము, మద్రాసు, విశాఖపట్టణము, ఫాల్సుపాయింటు. అనగా అవ్వ అడిగిన సముద్రములలో మన విశాఖ సముద్రము కూడ ఒకటి. అచ్చటినుండి గీతలు గీచిన కఱ్ఱలు నిలుపుచు, మట్టపుదుర్భిణిలో చూచుచు, మెట్టుమెట్టుగా దేశములోనికి ఎత్తును మోసికొని పోయిరి.

ఇది మట్టపు కొలత. అంతకు చాలకాలము ముందే మన కొండలను మఱియొక విధమున కొలిచియుండిరి. 1802లో మద్రాసువద్ద లాంబ్టను మొదలుపెట్టిన పని, తరువాత మహాత్రికోణమితి సర్వే యను పేర దేశమంతటను వ్యాపించినది. నేలమీద కొన్ని మైళ్ళ పొడవు గల ఒక ఆధారరేఖను మిక్కిలి జాగ్రత్తతో కొలుతురు. ఆపైన కొండశిఖరమునుండి కొండశిఖరమునకు థియొడొలైటుతో కోణములు మాత్రము కొలుచుచు త్రిభుజముల గొలుసును అల్లుకొనుచు పోవుదురు. మన తూర్పుతీరము వెంబడి కలకత్తా మద్రాసుల నడుమ అట్టి గొలుసు ఒకటి సాగినది. బీదరునుండి తెలుగుదేశమునకు అడ్డముగా విశాఖవైపు మఱియొకటి వచ్చినది. ఈ గొలుసులు నిజమైనవో కావో పరీక్షించుటకు 1862-63లో విశాఖపట్టణపు ఆధారరేఖను కొలిచిరి. ఇనుము, ఇత్తడి జతపరచిన పది అడుగుల కడ్డీలతో కొలత జరిగినది. ఎండకు ఒక లోహము ఒక తీరున, మఱియొకటి ఇంకొక తీరున సాగును గదా. ఆ భేదమునుండియే మారని పొడవును రాబట్టిన యుక్తి అది.

ఈ పనిలో కొండజ్వరము పెద్ద శత్రువు. 1819లో కృష్ణా గోదావరుల నడుమ యెల్లాపురపు అడవులలో జార్జి ఎవరెస్టు పరివారముతోసహా జ్వరమున పడి హైదరాబాదునకు మోసికొని రాబడెను. నేడు లోకములోకెల్ల ఉన్నతమైన శిఖరమునకు ఎవరి పేరున్నదో ఆ ఎవరెస్టే. కొండలెక్కిన దొరల కథలు పుస్తకములలో చాలనున్నవి. బరువైన పరికరములను శిఖరమునకు మోసినవారు, చూపునకు అడ్డమైన చెట్లు నరికినవారు, నీళ్ళు తెచ్చినవారు ఎవరో ఆ పుస్తకములలో సామాన్యముగా కానరాదు. ఆ సంగతి ముందు మఱల తగులును.

అయితే కోణములు కొలిచి దిగివచ్చినంతమాత్రమున ఎత్తు తెలియదు. వానకాలమున సర్వేదళములు కొండలు దిగి నీడపట్టున కూర్చుండి లెక్కలు కట్టుచుండెడివి. పిదప ఆ పుస్తకములు ప్రధాన గణనకార్యాలయమునకు చేరెడివి. ఆ కాలమున కంప్యూటరు అనునది యంత్రము పేరు కాదు, ఉద్యోగము పేరు. నెలజీతముపై లెక్కలు కట్టు గుమాస్తాకు ఆ బిరుదు.

ఆ లెక్క ఎట్టిదో కొంచెము వివరింతుము. శ్రోతలు విసుగు చెందరని ఆశ. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని బడిపిల్లలెరుగుదురు. కాని భూమి గుండ్రన. కొండలమీద గీచిన త్రిభుజము మొత్తము 180కి కొంచెము మించును. భుజము ముప్పది మైళ్ళయినచో ఆ మించుట సుమారు 5 సెకనులు, అనగా ఒక డిగ్రీలో 720వ వంతు. దానిని ముందు తీసివేయవలెను. ఎత్తు కట్టుటలో ఇంకను పెద్ద చిక్కున్నది. ముప్పది మైళ్ళ దూరమునుండి చూచిన శిఖరము భూమి వంపువలననే సుమారు 600 అడుగులు కుంగినట్లుండును. పోనీ యని 600 కలిపితిమా, తప్పు! గాలి వెలుగును వంచి శిఖరమును పైకెత్తి చూపును. కుంగినదానిలో ఏడవవంతు అట్లు తిరిగివచ్చును. ఈ వంత ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి. తీరపుగాలికి ఒకటి, మన్యపు మంచునకు ఒకటి. శిఖరమును చూచినవాడు చెప్పగలిగినది కోణము మాత్రమే. ఎత్తు అనునది గణకుని బల్లమీద పుట్టినది.

ఒక త్రిభుజమునకు లాగరిథము పట్టికలు తిరగవేయుచు లెక్క కట్టుట ఓపికగల వానికి కష్టము కాదు. గొలుసులన్నియు కలిసినపుడు అసలు కష్టము మొదలగును. ఒకేచోటికి రెండు దారులలో వచ్చిన లెక్కలు ఏకీభవింపవు. తప్పును ఎక్కడ ఎంత పంచవలెనో నిర్ణయించుటకు గాసు మహాశయుని కనిష్ఠవర్గముల పద్ధతి కలదు. కాని అందుకు అనేక సమీకరణములను ఒక్కసారి సాధింపవలెను. సమీకరణములు రెట్టింపైనచో శ్రమ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. అందుచేత దేశమును చతుర్భుజములుగా విభజించి ఒక్కొక్క భాగమును వేరుగా సర్దిరి. సీరోంజి, కలకత్తా, విశాఖపట్టణము, బీదరు నాలుగు మూలలుగా గల ఆగ్నేయ చతుర్భుజము మనది. దాని ఫలితముల సంపుటము 1880లో డెహ్రాడూనులో అచ్చుపడినది. విశాఖ ఆధారరేఖ కొలిచి అప్పటికి పదునేడేండ్లయినది. కొండమీది పని వానకు ఆగినది, జ్వరమునకు ఆగినది. గదిలోని పని అంతకంటె ఆలస్యమైనది!

ఈ గణకులలో చరిత్ర పేరు నిలుపుకొన్నవాడు రాధానాథ సిక్‌దారు. కలకత్తా హిందూకళాశాలలో గణితము చదివిన ఈ యువకుడు 1831లో నెలకు ముప్పది రూపాయల జీతముపై ఎవరెస్టువద్ద చేరెను. 1849 నాటికి కలకత్తా కార్యాలయమున ప్రధానగణకుడాయెను. 15వ సంఖ్య శిఖరము 29,002 అడుగులని 1856లో ప్రకటించినపుడు ఆ గణనలో ఆయన పాలు ఎంత యనుదానిపై చర్చ నేటికిని సమసిపోలేదు. మాకు ఆ చర్చకంటె రెండు సంగతులు ముఖ్యముగా తోచినవి.

మొదటిది 1843 నాటిది. డెహ్రాడూనులో సర్వేశాఖ కూలీలచేత జిల్లా మేజిస్ట్రేటు తన సామాను ఉచితముగా మోయించుకొనుచుండగా సిక్‌దారు ఆ సామానును ఆపివేసెను. వ్యవహారము న్యాయస్థానమునకు ఎక్కినది. ఆయనకు 200 రూపాయల జుల్మానా పడినది. అచ్చట బేగారి యన్నది మన మన్యములో వెట్టి. 1922లో అల్లూరి శ్రీరామరాజు నాయకత్వమున చెలరేగిన తిరుగుబాటునకు హేతువులలో మన్యపు బాటలపై చేయించిన వెట్టిచాకిరి ముఖ్యమైనదని శ్రోతలు ఎరుగుదురు. నీడపట్టున లెక్కలు కట్టుకొను ఉద్యోగి మోతగాండ్రకొరకు జుల్మానా చెల్లించుట ఆ దినములలో చిన్న సంగతి కాదు.

రెండవది ఆయన మరణానంతరము జరిగినది. హిందూదేశపు సర్వే పద్ధతులపై స్మిత్, థుయిలియరు అను అధికారులు 1851లో ప్రకటించిన గ్రంథమున గణనభాగములు చాలవరకు సిక్‌దారు వ్రాసినవని పీఠికలో ఒప్పుకొనిరి. 1855 నాటి రెండవ కూర్పులోను ఆ మాట ఉన్నది. సిక్‌దారు 1870లో గతించెను. 1875లో వచ్చిన మూడవ కూర్పులో ఆయన వ్రాసిన భాగములు ఉన్నవి గాని, ఆయన పేరు లేదు. ఆ మరుసటి యేడు ఒక ఆంగ్లపత్రికయే దీనిని చనిపోయినవాని సొత్తు దోచుటగా నిందించినది. పత్రిక నిందించినను పీఠిక మారలేదు.

ఇంతవరకు చెప్పినది కలకత్తా, డెహ్రాడూనుల మాట. మన విశాఖలోనే ఒక జమీందారు ఈ విద్యను స్వయముగా నేర్చుకొనెనని చెప్పిన కొందఱికి ఆశ్చర్యము కలుగవచ్చును. గోడే వెంకట జగ్గారావుగారు యౌవనమున మద్రాసు నక్షత్రశాలాధిపతి టేలరువద్ద గణితజ్యోతిషము నభ్యసించి, 1840లో విశాఖలోని తమ యింటియందే నక్షత్రశాల నెలకొల్పిరి. ఆయన అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపిరి. 1874 డిసెంబరు 9వ తేదీన సూర్యబింబముమీదుగా శుక్రుడు దాటుటను అచ్చటినుండి గమనించి లెక్కకట్టి లండనునకు నివేదించిరి.  ఏ.వీ.ఎన్. కళాశాల అని మనము పిలుచుకొను విద్యాలయమునకు ఆయన పేరే నిలిచియున్నది. ఆ కళాశాలను గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము.

విశాఖలో ఒక గృహస్థుడు చేసినది హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయము చేసినది. నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా నక్షత్రశాల 1908లో ప్రభుత్వాధీనమై బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరినది. ఆకాశమంతటిని ఛాయాచిత్రములలోనికి ఎక్కించి పటము గీయవలెనని 1887లో పారిసు సభ తీర్మానించి, నక్షత్రశాలలకు ఆకాశమును వాటాలుగా పంచియుండెను. దక్షిణముగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల వాటా దక్షిణ అమెరికాలోని సాంటియాగోది. అచ్చట పని సాగలేదు. ఆ వాటాను హైదరాబాదు తీసికొనెను. పోకాకు, ఆయన తరువాత టి. పి. భాస్కరను అధిపతులుగా నుండగా ఆ పని నడచినది.

దూరదర్శినికి కన్నుపెట్టి కూర్చుండుటయే ఖగోళశాస్త్రమని లోకము తలంచును. ఫలకమునకు వెలుగు సోకునది కొన్ని నిముషములు. పిమ్మట పగటివేళ గణకులు ఆ గాజుపలకను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, ఒక్కొక్క చుక్క అడ్డముగా ఎంత, నిలువుగా ఎంత అని చదివి వ్రాయవలెను. పలకకు పలకకు మారు వాలును, వంపును లెక్కగట్టి సవరింపవలెను. అట్లు ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రస్థానములను పండ్రెండు సంపుటములలో హైదరాబాదు అచ్చువేసినది. తన వాటా పూర్తిచేయుటయే గాక, పోట్సుడాములో నిలిచిపోయిన ఉత్తరపు వాటానుండి 36 నుండి 39 డిగ్రీల భాగమును కూడ తలకెత్తుకొన్నది. సాంటియాగోవారు విడిచినది, జర్మనీవారు విడిచినది బేగంపేట గణకుల బల్లలమీద పూర్తియైనదని తలచుకొన్నపుడు మాకు కొంత గర్వము కలుగును. దాచుకొననేల?

ఇక ఏ.వీ.ఎన్. కళాశాల. 1930వ దశకమున అచ్చట ఇంటర్మీడియెటు చదివిన ఒక విద్యార్థి వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ప్రథమశ్రేణిలో ప్రథముడై ఉత్తీర్ణుడాయెను. ఆ తరువాత పరిశోధనకు దారి దొరకలేదు. యుద్ధపు రోజులు, సైన్యపు సర్వేశాఖలో గణితజ్ఞుని ఉద్యోగము ఖాళీయున్నదని విని కలకత్తా పోయెను. ఆ ఉద్యోగము రాలేదు. వచ్చియున్నచో సిక్‌దారు కూర్చున్న బల్ల వరుసలోనే ఈయనయు కూర్చుండియుండును! బసచేసినచోట పరిచయమైన యొకరివలన మహలనోబిస్ నడపుచున్న భారతీయ గణాంకశాస్త్ర సంస్థ సంగతి తెలిసి, 1941 జనవరిలో అందు చేరెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావుగారు.

ఆ సంస్థ ఒక విచిత్రమైన సేవాలయము. పంట కొలిచినవారు, మనుష్యుల తలలు కొలిచినవారు, వరదలు కొలిచినవారు తమ తమ అంకెల మూటలతో అచ్చటికి వచ్చెడివారు. చేతితో త్రిప్పు యంత్రములతో గణకులు వరుసలుగా కూర్చుండి కూడికలు, గుణకారములు చేసెడివారు. 1941లో సంయుక్తరాష్ట్రములలో డి. ఎన్. మజుందారు జరిపిన శరీరపరిమాణముల సర్వేను విశ్లేషించు పని రావుగారికి తగిలినది. జాతులకు జాతులకు నడుమ దూరమును ముక్కుపొడవు, తలవెడల్పు మొదలైన కొలతలన్నిటిని కలిపి ఒక్క సంఖ్యగా తేల్చుట మహలనోబిస్ పద్ధతి. మన అరకు చుట్టుపట్ల కొండదొరలను, బగతలను, పోర్జాలను గూర్చి పిమ్మట పరిశోధించిన మానవశాస్త్రజ్ఞులకును ఇట్టి పద్ధతులే పనిముట్లయినవి. ఇతరుల కొలతలకు లెక్కలు కట్టుచున్న దినములలోనే, 1945లో, రావుగారు ఆ చిన్న వ్యాసమును ప్రకటించిరి. ఎంత చక్కగా లెక్కించినను ఫలితములోని అనిశ్చయము ఒక హద్దుకంటె తగ్గదని నిరూపించిన ఆ సూత్రమును లోకము క్రామెరు-రావు అసమానత యనుచున్నది.

1946లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు మానవశాస్త్ర ప్రదర్శనశాలవారు కలకత్తాకు కబురంపిరి. సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన ప్రాచీనుల ఎముకలు వారివద్ద పడియున్నవి. కొలతలకు అర్థము చెప్పగలవారు కావలెను. రావుగారును, ఆర్. కె. ముఖర్జీయు అచ్చటికి పోయిరి. పగలు ఎముకల లెక్క. దానితోపాటు ఫిషరు మహాశయుని పర్యవేక్షణలో సిద్ధాంతగ్రంథము. 1948లో డాక్టరేటు లభించినది. జెబెల్ మోయా ప్రాచీనులపై గ్రంథము 1955లో వెలువడినది. ఆ గ్రంథకర్తల పేర్లను మేము ప్రత్యేకముగా చూచితిమి. మొదట ముఖర్జీ, పిదప రావు, చివర కేంబ్రిడ్జివారైన ట్రెవరు. సిక్‌దారు పేరు పీఠికనుండి తొలగిన ఎనుబదియేండ్లకు, లెక్కలు కట్టుటకై పోయినవారి పేర్లు ముఖపత్రమున ముందు నిలిచినవి.

ఆ 1955-56లోనే కలకత్తా సంస్థకు ఇంగ్లండునుండి విద్యుద్గణకయంత్రము వచ్చినది. పిదప బొంబాయి టాటాసంస్థలో మనవారే నిర్మించిన టిఫ్రాక్ 1960లో పనిచేయ మొదలిడినది. 1964లో అచ్చటికే పెద్ద అమెరికా యంత్రము రాగా, దేశములోని విశ్వవిద్యాలయముల పరిశోధకులు తమ లెక్కలు చేయించుకొనుటకు దానిని ఆశ్రయించిరి. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను టి.డి.సి. యంత్రములను తయారుచేసి విద్యాసంస్థలకు అందజేసినది. రంధ్రములు పొడిచిన అట్టముక్కల కట్ట చంకనబెట్టుకొని తమవంతుకై వేచిన పరిశోధకులు ఆ తరములో ప్రతి శాఖలోను ఉండిరి. ఒక్క రంధ్రము తప్పిన రేపు రమ్మందురు. ఆ గదికి దగ్గఱగా ఉన్నవారి పరిశోధన ముందుకు సాగినది, దూరముగా ఉన్నవారిది వెనుకబడినది. దీనిని గూర్చి ఎవరును ఎక్కువగా వ్రాయరు.

రావుగారు నూటరెండేండ్ల పండుజీవితము గడపి 2023 ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూసిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రముల పరిశోధనకై ఒక సంస్థ ఆయన పేర నడచుచున్నది.

బేగంపేట సంపుటములు మాత్రము బహుకాలము అలమారలలో నిద్రించినవి. నక్షత్రములు తమ స్థానమునుండి ఎంత కదలినవో తెలియుటకు పాతకొలత కావలెను. ఆకాశములోనికి ఎగిరిన ఉపగ్రహము నేటికొలత ఇయ్యగలదు గాని, నిన్నటికొలత ఇయ్యలేదు. 1990వ దశకమున అమెరికా నౌకాదళ నక్షత్రశాలవారు ఆ పారిసు తీర్మానపు సంపుటములన్నిటిలోని అంకెలను యంత్రమున కెక్కించి, హిప్పార్కోసు ఉపగ్రహపు ఆధారముతో మఱల లెక్కగట్టిరి. 2000 సంవత్సరమున వెలువడిన టైకో-2 నక్షత్రపట్టికలో ఇరువదియైదు లక్షల నక్షత్రముల గమనములకు ఆ పాత అంకెలు ఆధారములైనవి. ఆ లెక్కలో సుమారు ఎనుబదియేండ్ల నాడు బేగంపేటలో చేతివ్రాతతో ఎక్కించిన అడ్డము నిలువు కొలతలు ఉన్నవి. వాటాలకు నక్షత్రశాలల పేర్లు పెట్టిరి గనుక, ఆ వరుసకు హైదరాబాదు అని పేరు.